తొంభై రోజుల నిలకడ

మొదటి రోజు. నిచ్చెన బండి, పదకొండో అర.

ఈ పేజీ చదివే అధికారిగారికి సలాం.

బండి ఎక్కాను. ఆ ఒక్క ముక్క రాయడానికే చేతులు ఆడటం లేదు, అంత సంతోషంగా ఉంది. నా పేరు నూర్‌బాషా జానయ్య. వయసు డెబ్బై ఒకటి. పరుపులు కుట్టి బతికినవాణ్ని, చదువు ఐదో తరగతి. గుండెలో రెండు స్టెంట్లు వేసి ఆరేళ్లయింది. పాత జబ్బు ఉన్న ప్రయాణికుడు రోజుకొక పేజీ తన చేత్తో రాయాలని కవరు, అంటే ప్రయాణ బీమా, వాళ్ల షరతు. అది చదివి మనిషి నిలకడగా ఉన్నాడని నమ్మితేనే నడిగేటు తెరుస్తారట. రాయడానికి నాకేం, రోజుకు పది పేజీలు రాయమన్నా రాస్తాను.

ఎందుకు పోతున్నానో ముందు అది చెప్పాలి. మా అమ్మాయి షంషాద్ నిఖా. అమ్మాయికి నలభై ఒక్కేళ్లు. పైఊళ్లో నీళ్లు శుద్ధి చేసే పనిలో చేరి పదేళ్లయింది. పెళ్లి మాటెత్తితే ఫోను పెట్టేసేది. అలాంటిది పోయిన నెలలో తనే చేసి, "నాయనా, నేనూ ఇలియాసూ నిఖా చేసుకుందామనుకుంటున్నాం. నువ్వొచ్చి పక్కన నిలబడాల" అంది. వాళ్లమ్మ కాశింబీ ఈ మాట వినకుండానే పోయింది. ఆమె వంతు సంతోషం కూడా నేనే పడుతున్నాను, అందుకే ఇంత ఎక్కువగా ఉంది.

బండి ఒక మేడంత డబ్బా. సముద్రం మీద నుంచి ఆకాశంలోకి కట్టిన తాడు పట్టుకుని పైకి పాకుతుంది. నాలుగు రోజులకు దారి మధ్యలో నడిగేటు. అక్కడి నుంచి మూడు రోజులకు తాడు చివర పైఊరు. నిఖా ఇవాళ్టికి పదమూడో రోజు. అన్నీ సరిగ్గా జరిగితే ఆరు రోజులు ముందే చేరతాను, పెళ్లి పనుల్లో ఓ చెయ్యి వేస్తాను.

పక్క అరలో రత్నమ్మ అని ఒకామె ఉంది. నాకంటే పదేళ్లు చిన్న. పైఊరి క్యాంటీన్లో వంటకు పోతోంది, ఇది నాలుగోసారట. ఆమెకు చక్కెర జబ్బు. మధ్యలో తెర తీసి తొంగి చూసింది.

"ఏందన్నా అంతసేపు రాస్తున్నావు, వీలునామానా?"

"కవరు వాళ్లకి చెల్లెమ్మా. రోజూ రాయమన్నారు గదా."

"నేనూ రాశా, చూడు." ఆమె పేజీలో 'బాగున్నాను' అని ఒకే ఒక్క మాట ఉంది. "నాలుగు ప్రయాణాల్నించీ ఇదే రాస్తున్నా. వాళ్లకి కావాల్సింది అదే. నువ్వు కతలు చెప్పబాక."

సంతోషం ఒక్క మాటలో ఎలా పడుతుందో నాకు తెలియదు.

రెండో రోజు.

పొద్దున లేచి నడుముకు కట్టిన పట్టీ విప్పుకున్నాను. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని, గోడకున్న యంత్రంలో చెయ్యి పెట్టి బీపీ చూసుకుని, మాత్ర వేసుకున్నాను. మూడు మాత్రలకు మూడు అరల డబ్బా: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. కిటికీలోంచి చూస్తే సముద్రం మా ఇంటి గిన్నెలో నీళ్లంత ఉంది. కాళ్లు అప్పుడే కొంచెం తేలిగ్గా ఉన్నాయి. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో తెలియదు.

నా ఒంటి గురించి మీరు బెంగపడే పని లేదు. ఈ ఏడు రంజాన్ ఎండలు మండే నెలలో వచ్చింది. ముప్పై రోజాలూ ఉన్నాను. మా పేటలో వయసు పిల్లలు పదో రోజుకే నీరసపడి గోడలకు చేరగిలబడితే, నేను నిలబడి నమాజు చేశాను. తెల్లవారకముందు ఒక మాత్ర, పొద్దుగూకాక ఒక మాత్ర, మధ్యలో మంచినీళ్లు కూడా ముట్టలేదు. అలాంటి గుండె ఇది. మీరు నిశ్చింతగా ముద్ర వేయవచ్చు.

మూడో రోజు.

మధ్యాహ్నం భోజనం సంచీ చింపుతుండగా గోడ మీద తెర వెలిగింది. నలభై ఐదేళ్ల మనిషి, కళ్లజోడు, నున్నగా దువ్విన తల.

"జానయ్యగారూ, నమస్కారమండి. నా పేరు హైమావతి. నడిగేటులో కవరు అధికారిని. పై అధికారికి పంపేముందు మీ పేజీలు నేనే చదువుతున్నాను."

"చదువుతున్నారా తల్లీ. నా రాత అర్థమవుతోందా?"

"బాగా అర్థమవుతోంది. అదే ఇబ్బంది. గుండె మాత్ర మీకు రోజుకు ఎన్నిసార్లు?"

"మూడు."

"మరి రోజా ఉన్నప్పుడు మధ్యాహ్నం మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?"

"రోజాలో ఎట్టా వేసుకుంటామమ్మా? మా కంపౌండరు ఆ నెల రెండు చాలన్నాడు. ప్రతి ఏడూ అంతే. పండగైన మర్నాటి నుంచి మళ్లీ మూడు."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "దరఖాస్తులో 'గత తొంభై రోజుల్లో మందు మోతాదు మారిందా' అని అడిగినచోట 'లేదు' అని రాశారు."

"మారలేదు గదా."

"రెండు నుంచి మూడు అయింది కదండీ."

అధికారిగారూ, ఒట్టేసి చెబుతున్నాను, ఆ సంగతి నాకు తట్టనే లేదు. రంజాన్ నెలలో మధ్యాహ్నం మాత్ర ఆపడం మందు మార్చడమని మా పేటలో ఎవరూ అనుకోరు. అన్నం వేళ మారినట్టే మాత్ర వేళా మారుతుంది, అంతే.

ఆమె నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పాత జబ్బుకు కవరు ఇవ్వాలంటే జబ్బు నిలకడగా ఉండాలి. నిలకడ అంటే తొంభై రోజులపాటు మోతాదు పెరగకూడదు, తగ్గకూడదు. నాకు మళ్లీ మూడు మాత్రలు మొదలై ఇవాళ్టికి ఎనభై నాలుగు రోజులు. నిలకడ లేని గుండెకు కవరు లేదు. కవరు లేని మనిషికి గేటు తెరుచుకోదు. పైఊళ్లో ఆస్పత్రి మంచాలు నాలుగే.

"దిద్దుబాటు కాగితంలో రెండు గడులున్నాయండి. ఒకటి, మోతాదు మారింది అని. రెండోది, పేజీలో రాసింది పొరపాటు, మధ్యాహ్నం మాత్ర ఎప్పుడూ మానలేదు అని. రేపు గేటుకు చేరేలోగా ఏదో ఒకదాంట్లో సంతకం పెట్టండి. ఏది పెట్టమని నేను చెప్పకూడదు."

తెర ఆరిపోయింది. అంతా విన్న రత్నమ్మ మధ్యనున్న గుడ్డతెర లాగి నా ముందు కూచుంది.

"రెండో గడిలో పెట్టన్నా."

"అంటే రోజాలు లేనని రాసినట్టేగా చెల్లెమ్మా."

"ఉన్నావని దేవుడికి తెలుసు. కాయితం వీళ్లకేగా."

మంచి మాటే. సాయంత్రం దాకా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను.

నాలుగో రోజు.

మొదటి గడిలో సంతకం పెట్టాను.

కారణం పెద్దదేం కాదు. నా హామీదారు షంషాద్. నా మాట అబద్ధమని ఎప్పుడు తేలినా, దెబ్బ నా ఒక్కడికే కాదు, కాగితం మీద దాని పేరు కూడా ఉంది. ఇంకో సంగతి. ముప్పై రోజులు నాలుక పిడచకట్టుకుపోయినా ఉన్న రోజాలు, అవి లేవని నా చేత్తో ఎలా రాయను? పెన్ను ఆ గడి దగ్గరికి రెండుసార్లు పోయింది. సంతకం రాలేదు.

సంతకం పెట్టాక హైమావతి తెర మీదికి వచ్చి, నేను ఊహించని మాట చెప్పింది. గేటులో ఐదు రోజులు ఆగాలట. తొంభయ్యో రోజు నిండగానే కొత్త కవరు రాస్తారు. ఆ సాయంత్రమే పైకి బండి ఉంది. మూడు రోజుల ప్రయాణం. నిఖాకు ముందురోజు చేరతాను.

"అయితే ఒక్క షరతండి. ఈ ఐదు రోజుల్లో మందు మారకూడదు. కొత్త బాధ ఏదీ ఉండకూడదు. ఉంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి."

"ఐదు రోజులేగా తల్లీ," అన్నాను. నాకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది.

గేటు దగ్గర దిగాను. రత్నమ్మ అదే బండిలో పైకి పోయింది. పోతూ పోతూ, "ఈ ఐదు రోజులన్నా నోరు అదుపులో పెట్టుకో అన్నా. పెళ్లి పాయసం నేనే వండుతా, చల్లారిపోకుండా రా" అంది.

షంషాద్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"నీ రోజాల సంగతి వాళ్లకెందుకు చెప్పావు నాయనా?"

"వాళ్లు అడగలేదమ్మా. నేనే చెప్పా, సంతోషంలో."

"నీ సంతోషంతో నా ప్రాణం తీస్తున్నావు. సరే, ఐదు రోజులు. దేనికీ కంగారు పడబాక. మెట్లెక్కబాక. ఎవరితోనూ వాదం పెట్టుకోబాక."

ఐదో రోజు. నడిగేటు.

ఇక్కడ ఒంటి బరువు నేల మీది బరువులో మూడో వంతు కూడా లేదు. అడుగు వేస్తే మూడు అడుగుల దూరం పోతున్నాను. నవ్వొస్తోంది. తల మాత్రం దిమ్ముగా ఉంది. ఒంట్లో నీరంతా పైకి చేరుతుందని, మొదట అందరికీ అలాగే ఉంటుందని గోడ మీద రాసి పెట్టారు. కాబట్టి అది కొత్త బాధ కాదనుకుంటాను.

మమ్మల్ని ఉంచిన హాలు పేరు నిలకడ గది. పదకొండు మందిమి. అందరివీ పాత జబ్బులే, అందరివీ తొంభై రోజుల లెక్కలే. అంత నిశ్శబ్దంగా కూచున్న మనుషుల్ని నేను మసీదులో కూడా చూడలేదు. ఎవరూ గట్టిగా దగ్గరు. భోజనం తెచ్చే అమ్మాయి ఉప్పు కావాలా అని అడిగితే పదకొండు తలలూ వద్దని అడ్డంగా ఊగాయి. ఎనభై ఎనిమిదో రోజులో ఉన్న ఒక మేస్త్రి పొద్దున తుమ్మాడు. అందరం అతని వైపే చూశాం. అతను చేతులెత్తి, "దుమ్మయ్యా, దుమ్ము" అన్నాడు.

షంషాద్ చిన్నప్పుడు నేను ఏకిన దూదికుప్పల్లో దూకి తుమ్మేది. ఆ సంగతి అతనికి చెబుదామనుకుని, నోరు అదుపులో పెట్టుకున్నాను.

ఆరో రోజు.

బీపీ నిన్నటికన్నా కాస్త ఎక్కువ. గీత దాటలేదు. మూడు మాత్రలూ వేళకు వేసుకున్నాను.

మేస్త్రికి ఎనభై తొమ్మిది నిండాయి. సాయంత్రం డాక్టరమ్మ రక్తం చూసి అతని చక్కెర మాత్ర సగం పెంచింది. అతను సర్దుకున్న సంచీలోంచి లుంగీ తీసి, మళ్లీ కట్టుకుని పడుకున్నాడు. ఇది మూడోసారట.

నాకింకా మూడు రోజులు.

ఏడో రోజు.

బాగున్నాను.

ఎనిమిదో రోజు.

పొద్దున కాఫీ తాగే వేళకు హైమావతి తనే మా గదికి వచ్చింది. తెర మీద కన్నా పొట్టిగా ఉంది. అందరూ భయపడి నిటారుగా కూచున్నారు. ఆమె నేరుగా వచ్చి నా పక్కన కూచుంది.

"నిన్నటి పేజీ చదివానండి."

"ఆ."

"మీ అమ్మాయి దూదికుప్పల్లో దూకడం రాస్తారు, గిన్నెలో సముద్రం రాస్తారు. నిన్న ఒక్క మాటే రాశారు."

"అందరూ అదే రాస్తారంట గదమ్మా."

"అందరూ రాస్తారు. మీరు రాయరు." గొంతు తగ్గించింది. "ఆ పేజీ నేను ముద్ర వేసి పంపేయొచ్చు, జానయ్యగారూ. రేపటికి తొంభై. నేను అడక్కుండా ఉంటే ఎవరూ అడగరు. కానీ ఇక్కడి నుంచి పైకి మూడు రోజులు బండిలో డాక్టరు ఉండరు. అందుకే అడుగుతున్నాను. నిన్న ఏమైంది?"

మేస్త్రి నా వైపు చూసి, చెప్పొద్దని కళ్లతోనే అన్నాడు.

చెప్పేశాను. నిన్న మధ్యాహ్నం రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. పది నిమిషాలు ఉండి పోయింది. సాయంత్రం మళ్లీ వచ్చి, అంతసేపే ఉంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. పేజీ ముందు పెట్టుకుని గంటసేపు కూచున్నాను. నిఖాలో నా బిడ్డ తల వంచి కూచున్నట్టు కనపడింది. ఆ ఒక్క మాట రాసి పెన్ను మూత పెట్టేశాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకు మనవరాలయ్యే వయసు. గుండె గీతలు తీసి చూసి నాలుగో మాత్ర రాసింది.

"తాతగారూ, ఇది ఇవాళ్టి నుంచే వేసుకోవాలి. రేపు మొదలుపెడతానంటే కుదరదు."

"రేపు సాయంత్రం బండెక్కాక వేసుకుంటే?"

"బండెక్కేదాకా మీరు ఉంటారని నేను రాసివ్వలేను."

మాత్ర చిన్నది, బియ్యపుగింజంత. అరచేతిలో పెట్టుకుని చూశాను. మింగితే ఇవాళ ఒకటో రోజు. మింగకపోతే ఎనభై తొమ్మిదో రోజు. హైమావతి కిటికీ వైపు తిరిగి నిలబడింది, నన్ను చూడకుండా.

మింగాను.

షంషాద్‌కు చెప్పడం ఎలాగో తెలియక, మొదట రత్నమ్మ వంట సంగతి అడిగాను. బిడ్డకు అర్థమైపోయింది.

"ఎన్నో రోజు నాయనా?"

"ఒకటోది."

ఏడుస్తుందేమో అనుకున్నాను. అటు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్న గొంతు: "కాజీగారినడుగు, ఎల్లుండి కాక ఆవలెల్లుండి వీలవుద్దేమో. కుర్చీ కూడా కావాల." మళ్లీ ఫోన్లోకి వచ్చింది. "నాయనా, దిగే బండి ఇంకో రెండు గంటల్లో ఉంది. మేమే వస్తున్నాం."

"మరి నీ కాళ్ల సంగతేందమ్మా? పైఊళ్లో పదేళ్లు బరువు లేకుండా ఉన్న ఎముకలు. ఇక్కడ దిగితే విరగవా?"

"బద్దలు కట్టుకుని కుర్చీలో కూచుంటే ఒక పూట ఆగొచ్చన్నారు. గేటు దాటి నీ వైపు మాత్రం రాలేను. నా ఎముకలూ పాత జబ్బేనంట, నాకూ కవరియ్యరు." నవ్వింది. "తండ్రీకూతుళ్లం ఇద్దరం సరిపోయాం."

పదకొండో రోజు.

ఇవాళ నా బిడ్డ నిఖా.

గేటు మధ్యలో నేల నుంచి కప్పుదాకా గాజుగోడ. దానికొక తలుపు. అటు పైఊరి హద్దు, ఇటు మాది. తలుపు ఒకసారి తెరిస్తే ఐదు నిమిషాలే. తర్వాత మూసి, మళ్లీ తెరవాలంటే గంట పడుతుంది. గాలి సర్దుకోవాలట.

అటువైపు ఎర్రచీరలో షంషాద్, చక్రాల కుర్చీలో. కాళ్లకు తొడల దాకా ఇనుప బద్దలు. పదేళ్ల తర్వాత చూడటం. తలలో సగం తెల్లబడింది, వాళ్లమ్మ పోలికే వచ్చేసింది. పక్కన ఇలియాస్, బక్కపలచటి మనిషి. నన్ను చూడగానే సలాం చేయబోయి, కొత్త బరువుకు తూలి కుర్చీ పట్టుకున్నాడు. ఇటువైపు నేను, నా వెనక నిలకడ గదిలో మిగిలినవాళ్లందరూ. మేస్త్రి కూడా చొక్కా వేసుకుని వచ్చాడు.

గోడకు మైకు ఉంది, మాట అటూ ఇటూ వినపడుతుంది. వాళ్లతో వచ్చిన కాజీగారు మైకు మాట ఒప్పుకోనన్నారు. సాక్షులు పెళ్లికూతురి ఎదుట నిలబడి అడగాలి, ఆ మాట మోసుకుని తండ్రి దగ్గరికి రావాలి, తండ్రి మాట తీసుకుని తన దగ్గరికి రావాలి. ఎప్పుడూ జరిగే పద్ధతే. మా ఊళ్లో అయితే ఈ గదిలోంచి ఆ గదికి. షంషాద్ వెంట వచ్చిన సాక్షులిద్దరూ ఏ జబ్బూ లేని కుర్రాళ్లు కాబట్టి వాళ్లకు దాటడానికి కవరు దొరికింది.

వాళ్లు షంషాద్‌ను అడిగారు. పెదవులు కదిలాయి. హైమావతి తలుపు తెరిచింది. సాక్షులు ఇటు దాటి నా ముందు నిలబడ్డారు. పెద్దవాడు అన్వర్.

"పెళ్లికూతురు ఒప్పుకుంది. తండ్రిగా మీరు ఒప్పుకుంటున్నారా?"

అధికారిగారూ, నేను రోజుకు పది పేజీలు రాస్తానన్న మనిషిని. ఆ వేళకు నా గొంతులోంచి ఒక్క అక్షరం రాలేదు. తలూపాను.

"తలూపితే చాలదు తాతా. మాట కావాలి, మేం మోసుకుపోవాలి."

నోరు తెరిచాను. గాలే వచ్చింది. హైమావతి గడియారం చూసి, "రెండు నిమిషాలుందండి" అంది. మేస్త్రి వెనక నుంచి నా వీపు నిమురుతున్నాడు. నీళ్లు తాగించారు. మాట రాలేదు. "ఒక నిమిషం" అంది హైమావతి.

అప్పుడు గోడకు అవతల షంషాద్ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

లేవకూడదు. లేవకూడదనే బద్దలు కట్టారు. ఇలియాస్ భుజం పట్టుకోబోతే తోసేసింది. రెండు కాళ్లూ బద్దలతో సహా వణుకుతున్నాయి. నాకేమైందోనని మెడ సాచి నా వైపే చూస్తోంది. ఆ ఎముకలు ఎంతసేపు మోస్తాయో నాకు తెలియదు.

"ఒప్పుకున్నా," అని అరిచాను. "ఒప్పుకున్నా, ఒప్పుకున్నా, దాన్ని కూచోమనండయ్యా."

సాక్షులు పరుగెత్తారు. వాళ్ల వెనక తలుపు మూసుకుంది. షంషాద్ కూలబడ్డట్టు కూచుంది. ఇలియాస్ వంగి బద్దలు తడిమి చూసి, ఏమీ కాలేదన్నట్టు నాకు చెయ్యి ఊపాడు. కాజీగారు చదవడం మొదలుపెట్టారు. ఇలియాస్ మూడుసార్లు ఒప్పుకున్నాడు. వేళ్లు లెక్కపెట్టుకుంటూ చూశాను.

అందరూ దువాకు చేతులెత్తారు. షంషాద్ కూడా ఎత్తింది. ఎత్తిన చేతుల మధ్యనుంచి నా వైపు చూసి, కనుబొమలు ముడిచి, బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, గోడ మీది గడియారం చూపించింది. ఒంటి గంట దాటి పది నిమిషాలు.

మధ్యాహ్నం మాత్ర.

జేబులోంచి డబ్బా తీశాను. తొందరలో ఒకటి కింద పడింది. ఇక్కడి బరువుకు అది మెల్లగా, దూదిపింజలా దిగింది. దాన్ని వదిలి ఇంకొకటి తీసుకుని, షంషాద్ చూస్తుండగా నాలుక మీద పెట్టుకుని మింగాను. నోరు తెరిచి చూపించాను.

అప్పుడు గానీ నా బిడ్డ మొగుడి వైపు తిరగలేదు.